జ్వరం రానివాళ్లు

పరీక్షల విభాగం గోడకు అంటించిన కాగితంలో అనీసా పేరు ఇరవై ఆరోది. పైన పెద్ద అక్షరాలతో ‘హాజరు చాలనందున హాల్ టికెట్లు నిలిపివేసిన విద్యార్థులు’ అని ఉంది. మొత్తం నలభై మూడు పేర్లు. ఆమె తన పేరు మీద, దాని పక్కనున్న నంబరు మీద, ఆ పక్కనున్న అరవై ఏడు శాతం మీద వేలు పెట్టి చూసుకుంది. పొరపాటేమీ లేదు.

గురువారం మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. శుక్రవారం పొద్దున పదింటికి డిగ్రీ ఐదో సెమిస్టరు మొదటి పరీక్ష. టికెట్లిచ్చే కిటికీ సాయంత్రం ఐదింటికి మూసేస్తారు.

కిటికీ ముందు వరుసలో ఉన్నవాళ్లు టికెట్లు తీసుకుని పోతున్నారు. ఒకడు తన టికెట్టుతోనే ముఖానికి విసురుకుంటున్నాడు. వాళ్లలో కొందరి హాజరు అనీసా కంటే తక్కువే. వాళ్లు జ్వరం కాగితాలు ఇచ్చారు.

ఫోను మోగింది. కుందుర్పి దగ్గరి ఊరి నుంచి అమ్మ గౌస్‌బీ.

“టికెట్టు చేతికొచ్చెనా?”

“లైను ఉండాదిమా. ఇస్తాండారు.”

“మీ నాయన అడగమన్న్యాడు. షీరీను సోమారం పొద్దున బస్సుకు పోతాదంట. ఒక సీటా, రెండు సీట్లా, రాత్రికల్లా చెప్పమంటాంది.”

షీరీన్ అనీసా పెదనాన్న కూతురు. దొడ్డబళ్లాపురంలో బట్టల ఫ్యాక్టరీలో పని. అక్కడి సూపర్‌వైజరుతో మాట్లాడి అనీసాకు ఒక చోటు చూసి పెట్టింది. తండ్రి పీరాసాబ్ చెడ్డవాడేమీ కాదు. ముప్పై ఏళ్లు దూది ఏకి పరుపులు కుట్టాడు. ఆ దూది ఊపిరితిత్తుల్లో చేరి ఇప్పుడు నాలుగు అడుగులు వేస్తే కూర్చుండిపోతాడు. చదివిస్తానన్న మాట ఇంతవరకు నిలబెట్టుకున్నాడు. కర్నూలులో ఒక విత్తన పరీక్ష కేంద్రం వాళ్లు కాలేజీకి వచ్చి అనీసాను ఎంపిక చేసుకున్నారు. జూన్‌లో చేరాలి. ఒక్క సెమిస్టరు ఆగినా ఆ ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే ఇంకో ఏడాది కూర్చోబెట్టి చదివించడం తన వల్ల కాదని పీరాసాబ్ ముందే చెప్పాడు. పరీక్ష రాస్తే సరే, లేకుంటే సోమవారం బస్సు.

అనీసా ఫోను సంచిలో పెట్టి వరండాలోకి వచ్చింది.

ఉత్తర పినాకిని యూనివర్సిటీని ఉరవకొండ రోడ్డు పక్కన ఎర్రమిట్ట మీద కట్టారు. చుట్టూ పెరికేసిన వేరుశనగ చేలు. నలభై మూడు మందిలో చాలామంది ఆ వరండాలోనే కూర్చుని ఉన్నారు. గౌతమి పక్కకు జరిగి అనీసాకు చోటిచ్చింది. గౌతమిది ఉరవకొండ పక్క పల్లె, అదే క్లాసు, అరవై ఆరు శాతం. విద్యార్థి నాయకులు ముగ్గురూ లోపల పరీక్షల నియంత్రణాధికారి జయరాం గదిలో ఉన్నారు. వాళ్లు లోపలికి వెళ్లి గంట దాటింది.

ఈ ఏడు నలభై రోజులు చినుకు లేక, అక్టోబరు ఐదో తేదీ రాత్రి గట్టి వాన పడింది. వేరుశనగ కాయ, ఆ ఊళ్ల మాటలో చెనిక్కాయ, అప్పటికే పక్వానికి వచ్చి ఉంది. నేల పదునుగా ఉన్నప్పుడే చెట్టు పెరకాలి. పదును ఆరితే నేల బిగుసుకుపోతుంది, చెట్టు చేతికొస్తుంది, కాయ మట్టిలోనే ఉండిపోతుంది. ఆదివారం దాకా ఆగుదామంటే నేల ఆగదు. అందుకే ఆ వారం ఊళ్లన్నీ చేలల్లోనే ఉన్నాయి. పెరికాక కాయ తెంపే పని. అంతా కలిపి ఇరవై నాలుగు రోజులు. ఆడవాళ్లకు రోజుకు మూడు వందల యాభై, మగవాళ్లకు ఐదు వందలు. ఏడాది మొత్తంలో ఆ ఊళ్లకు చేతినిండా పని దొరికేది ఆ రోజుల్లోనే. గౌస్‌బీ ఫోను చేసి రమ్మనలేదు. వాన పడింది అని మాత్రం చెప్పింది. మర్నాడు తొలి బస్సుకు అనీసా ఊళ్లో దిగింది.

ఇలా పోయి వచ్చినవాళ్లందరికీ ఒక దారి అలవాటుగా ఉండేది. హాజరు డెబ్బై ఐదు శాతం ఉండాలి. అనారోగ్యమైతే అరవై ఐదు దాకా క్షమిస్తారు. బస్టాండు పక్కన ఒక చిన్న క్లినిక్కులో మూడు వందలిస్తే టైఫాయిడ్ వచ్చినట్టు కాగితం రాసిస్తారు. యూనివర్సిటీ గుమస్తాలే ఆ క్లినిక్కుకు దారి చెబుతారు. ఎన్నో ఏళ్లుగా అంతే.

దాని మీద యేసన్న మాట ఒకటి హాస్టళ్లన్నీ తిరిగింది. “మన యూనివర్సిటీకి ఏటా నవంబరులో టైఫాయిడ్ వస్తాదప్పా. చెనిక్కాయ పెరికేది అయిపోతానే వస్తాది, హాల్ టికెట్టు చేతికి రాంగానే పోతాది. ఇంత బుద్ధిగల జొరము నేనెప్పుడూ చూడల్యా.”

యేసన్న బాలుర హాస్టలు నాయకుడు. పద్మప్రియ బాలికల హాస్టలు నుంచి ఎన్నికైంది, ఊరు యాడికి. ప్రణీత్ ఇంకో సంఘానికి అధ్యక్షుడు. కుందుర్పి దగ్గర వాళ్ల నాన్నకు నలభై ఎకరాలు, మండలంలో పలుకుబడి ఉన్నాయి. మూడు సంఘాలు, మూడు జెండాలు. ఆ ముగ్గురూ ఒక కొట్లో టీ తాగగా చూసినవాళ్లు లేరు. అలాంటిది ఈ నవంబరు మొదట్లో మెస్సు హాల్లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. కూర్చోబెట్టింది పద్మప్రియ.

“మనము జొరమని రాస్తాంటే వాళ్లకు జొరమే కనపడతాది,” అంది ఆ రోజు. “అక్టోబరులో క్లాసులు ఏంటికి ఖాళీ అయితాండాయో ఎవురికీ తెలియకుండా పోతాంది. ఈసారి ఉండేది ఉన్నట్ల రాద్దాము. పెరికేటప్పుడు ఇరవై దినాలు సెలవియ్యమందాము. ఆ క్లాసులు ఆదివారాలు పెట్టుకోమందాము.”

ఒప్పుకోకపోతే ఎట్లా అని ఎవరో అడిగారు. కూలికి పోయామనడానికి రుజువేమిటని ఇంకొకరు అడిగారు. చేను యజమాని చెబితే తప్ప కూలి పనికి రుజువు ఉండదు. ఏ యజమానీ చెప్పడు. అప్పుడు ప్రణీత్ గొంతు సవరించుకున్నాడు.

“మా చేన్లోనే మనోళ్లు నలుగురు పెరికినారు. నేనే చూసినా. సాక్షి సంతకం నేను పెడతా.”

ఆ నలుగురిలో అనీసా ఒకతె. ప్రణీత్ ఆ రోజు నీళ్ల క్యాన్లు బైకు మీద పెట్టుకుని చేనికి వచ్చాడు. వంగి చెట్టు పెరుకుతున్న అనీసాను చూసి, తీసిన హెల్మెట్టు మళ్లీ పెట్టుకున్నాడు. మెస్సు హాల్లో కూడా ఆమె వైపు చూడలేదు. కానీ కాగితం మీద చేను పేరు, తేదీలు, ఇచ్చిన కూలి అన్నీ సొంత చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఆ రోజు అతనికి అందరూ చప్పట్లు కొట్టారు.

నలభై మూడు మంది తమ పేర్ల కింద ఏ రోజు ఏ చేన్లో ఉన్నదీ రాశారు. ఆ అర్జీ ఇచ్చిన రోజే వైద్య ధ్రువపత్రాలకు ఆఖరి రోజు. ఎందుకైనా మంచిదని ఒక జ్వరం కాగితం కూడా ఇచ్చి పెడదామని వాళ్లలో ఎవరికీ తోచలేదు. నిజం రాసిచ్చాక దాని పక్కనే అబద్ధం ఎలా పెడతాం అనుకున్నారు. నిబంధనలో అనారోగ్యం అన్న ఒక్క మాటే ఉందని, కూలికి అక్కడ చోటు లేదని చదివి చూసినవాళ్లు కూడా లేరు.

ఒంటిగంటన్నరకు తలుపు తెరుచుకుంది. ముందు పద్మప్రియ వచ్చింది. వరండాలో అందరూ లేచారు. ఆమె కూర్చోమని చేయి ఊపి, తను కూడా గచ్చు మీద కూర్చుంది. లోపల జరిగింది చెప్పింది. సెలవుల సంగతి జనవరిలో పాలకమండలి ముందు పెడతారట. హాజరు సంగతి మాత్రం నిబంధన ప్రకారమే.

జయరాం కోప్పడలేదట. అదే ఆమెను ఎక్కువ కుంగదీసినట్టుంది. ఆయన మాటను ఆయన గొంతుతోనే చెప్పింది. “నేను పెరకని చెట్టా పద్మప్రియా? మా నాయనెంట నేనూ వంగినోణ్ణే. నేను పాపమంటే రూలు మారతాదా? జొరమంటే నా సంతకంతో పోతాది. కూలి అంటే నా చేతిలో ల్యా.”

“మళ్ల ఇప్పుడు జొరం కాగితం ఇస్తామని చెప్పల్యా అక్కా?” అని గౌతమి అడిగింది.

చెప్పామంది పద్మప్రియ. దానికీ ఆయన దారి చూపించాడు. వాళ్లు కూలికి పోయినట్టు రాసిన కాగితం ముద్ర పడి ఫైల్లో ఉంది. అది ఉండగా జ్వరమంటే చెల్లదు. కాబట్టి ముందు రాసింది అబద్ధమని ఒక్కొక్కరూ విడిగా రాసివ్వాలి. అబద్ధం ఎవరు రాయించారో కూడా రాయాలి. అలా రాసిచ్చినవాళ్లకు సాయంత్రంలోగా టికెట్లు. రాయించినవాళ్ల మీద చర్య ఉంటుంది. ఎంతని అడిగితే, వచ్చే జూన్ దాకా బహిష్కరణ, హాస్టలు ఖాళీ చేయడం అన్నాడట.

యేసన్న వరండా చివర బెంచీ వైపు గడ్డంతో చూపించాడు. అక్కడ బస్టాండు క్లినిక్కు మనిషి ఒకడు తోలు సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సంచిలోంచి కాగితాల కట్ట, రబ్బరు ముద్ర తీసి బెంచీ మీద సర్దుకుంటున్నాడు.

“చూసినారా, మనకంటే ముందే డాక్టరొచ్చినాడు,” అన్నాడు యేసన్న. ఎవరూ నవ్వలేదు.

“రాయండి,” అంది పద్మప్రియ. “మా పేర్లు రాసేయండి. ఈ బుద్ధి పుట్టించింది నేను. మీరు పరీక్ష పోగొట్టుకోవద్దండి. మేము ఏదో ఒకటి చూసుకుంటాము.” హాస్టలు ఖాళీ చేస్తే ఆమెకు ఊళ్లో ఉన్నది అమ్మమ్మ ఒక్కతే. ఆ సంగతి అక్కడున్న ఆడపిల్లలందరికీ తెలుసు.

ప్రణీత్ అప్పటికే పక్కకు వెళ్లి ఫోనులో ఉన్నాడు. అతను మాట్లాడటం లేదు, వింటున్నాడు. అవతలి గొంతు వరండా దాకా మోగుతోంది గానీ మాటలు తెలియడం లేదు. ఫోను జేబులో పెట్టుకుని ఎవరి వైపూ చూడకుండా తిన్నగా జయరాం గదిలోకి వెళ్లాడు. పది నిమిషాలకు బయటికి వచ్చాడు. మెట్లు దిగబోయి, ఆగి, అనీసా దగ్గరికి వచ్చాడు. ఆమెతో అతను నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

“నువ్వు గూడా రాసెయ్ అనీసా. నేను రాసిచ్చినా.”

“ఏమని రాసినావన్నా?”

“మా చేన్లో మన కాలేజీవాళ్లు ఎవురూ పని చేయల్యా అని.”

“నేను మరి యాడుంటి?”

అతను చెప్పులకేసి చూశాడు. మగోళ్లకు ఐదు వందలు, ఆడోళ్లకు మూడు వందల యాభై ఇచ్చినట్టు కాగితం మీద ఏంటికి పెట్టినావురా అని నాన్న అడిగాడని, పంచాయతీ ఎన్నికలు వస్తున్నాయని, ఆ కాగితం ఫొటో ఇప్పటికే ఎవరెవరి ఫోన్లకో పోయిందని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తర్వాత మెట్లు దిగాడు.

“జెండా మర్చిపోతాండావు, తీసుకొని పో ప్రణీతప్పా,” అన్నాడు యేసన్న వెనక నుంచి. ప్రణీత్ తిరిగి చూడలేదు. బైకు చప్పుడు మిట్ట దిగి రోడ్డులో కలిసిపోయింది.

అనీసా కొళాయి దగ్గరికి పోయి ముఖం కడుక్కుని ఇంటికి ఫోను చేసింది. ఈసారి ఉన్నది చెప్పింది. గౌస్‌బీ అంతా విని, ఒక్క మాట అడిగింది.

“ఏమని రాయల్లంట?”

“కూలికి పోల్యా అని.”

వెనక పీరాసాబ్ దగ్గు వినిపిస్తోంది. దగ్గు తగ్గాక గౌస్‌బీ గొంతు తగ్గించి మాట్లాడింది. “రాసెయ్ పాపా. ఆ కాగితము ఈడికొచ్చి మనల్ని అడిగేది ల్యా. నాతో జతగా చెట్టు పెరికినావని నాకు తెలుసు. చాలు.”

మూడున్నరకు అందరినీ పన్నెండో నంబరు గదిలోకి పిలిచారు. ఆడపిల్లలు ఎడమవైపు, మగపిల్లలు కుడివైపు. బల్లకు ఇద్దరు చొప్పున కూర్చోమన్నారు, అచ్చం పరీక్షకు మల్లే. ఒక గుమస్తా తెల్లకాగితాలు పంచి, నల్లబల్ల మీద చూసి రాయమన్నాడు. అక్షరం తప్పినా చెల్లదన్నాడు. బోర్డు మీద గుండ్రటి అక్షరాల్లో ఇలా ఉంది.

‘నేను అక్టోబరు నెలలో టైఫాయిడ్ జ్వరంతో బాధపడ్డాను. ఏ కూలి పనికీ వెళ్లలేదు. కూలికి వెళ్లినట్లు విద్యార్థి నాయకులు రాయించి, విషయం తెలియజేయకుండా నా చేత సంతకం చేయించుకున్నారు.’

కిటికీ ఊచల అవతల పద్మప్రియ కనిపిస్తోంది. లోపలికి రాకుండా కాపలాదారు ఆపాడు. ఆమె ఎవరినీ పిలవడం లేదు, ఎవరికీ సైగ చేయడం లేదు. గోడకు ఆనుకుని చేల వైపు తిరిగి నిలబడి ఉంది.

పెన్నులు కదిలాయి. ముందు బెంచీల్లో రాసినవాళ్లు ఒక్కొక్కరే లేచి తలుపు దగ్గరికి పోతున్నారు. అక్కడ క్లినిక్కు మనిషి పేరడిగి, కట్టలోంచి ఒక కాగితం చింపి, దాని మీద ముద్ర గుద్దుతున్నాడు. ఆ పక్క బల్ల దగ్గర హాల్ టికెట్టు. మూడు వందలు తర్వాత ఇస్తామన్నవాళ్లతో, పేర్లు గుర్తు పెట్టుకుంటానని క్లినిక్కు మనిషి అన్నాడు. ఒక పిల్ల టికెట్టు అందుకుని, కిటికీ వైపు రాకుండా అవతలి తలుపు గుండా పరుగెత్తింది.

అనీసా తన పేరు రాసింది. తండ్రి పేరు రాసింది. నంబరు వేసింది. ‘నేను అక్టోబరు నెలలో’ అని రాసి బోర్డు చూసింది. తర్వాతి మాట పెద్దదేమీ కాదు. మొదటి అక్షరం రాయడానికి పెన్ను ఆనించింది. పెన్ను జరగలేదు. మళ్లీ ఆనించింది. దొడ్డబళ్లాపురంలో షీరీన్ ఉండే గది ఆమె ఒకసారి చూసింది. పన్నెండడుగుల గదిలో ఆరుగురు, తెల్లారి ఐదింటికి నీళ్ల కోసం వరుస. షీరీన్ మాట్లాడుతూనే నిద్రపోయేది. అది గుర్తుంచుకునే ఆమె కాగితం మీదికి వంగింది. రాయడం మొదలుపెట్టాక ఆగకుండా రాసింది.

జయరాం బెంచీల మధ్య నడుస్తూ వచ్చి ఆమె దగ్గర నిలబడ్డాడు. కాగితం చేతిలోకి తీసుకుని చదివాడు. ‘నేను అక్టోబరు నెలలో ఇరవై నాలుగు రోజులు మా అమ్మతో పాటు చెనిక్కాయ చెట్టు పెరికి, కాయ తెంపినాను. అందుకే క్లాసులకు రాలేకపోయినాను. ముందు రాసింది నేనే రాసినాను.’

“ఏం పాపా, బోర్డు కనపడల్యా?”

“కనపడతాంది సార్.”

“మరి?”

“నాకు జొరం రాల్యా సార్.”

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. వంగి, ఆమెకూ పక్కనున్న గౌతమికీ మాత్రమే వినపడేటట్టు అన్నాడు. “జొరం ఎవురికీ రాల్యాలేమ్మా. నాకు తెలీదా. రాసెయ్. నీ మంచికే చెప్తాండా.”

ఇంకో తెల్లకాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. గోడ మీద గడియారం నాలుగూ నలభై చూపిస్తోంది. సంచిలో ఫోను ఒకసారి అదిరి ఆగింది, మళ్లీ అదిరింది.

అనీసా కొత్త కాగితాన్ని రెండు చేతులతో తీసి, నలగకుండా, ఆయన చేతికే ఇచ్చింది.

“వద్దు సార్. రాసిందే ఇస్తాండా.”

“పరీక్ష పోతాదమ్మా.”

“తెలుసు సార్.”

ఆమె చేతులు బల్ల కిందికి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. ముందు బెంచీ వాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. తలుపు దగ్గర ముద్ర గుద్దే చప్పుడు ఒకటి పడి, రెండోది పడడానికి ఆలస్యమైంది. ఆ ఎడంలో గుమస్తా గట్టిగా, ఇరవై నిమిషాలే ఉంది, ఇంకెవరున్నారు, బిరాన రండి అని పిలిచాడు.

గౌతమి ‘టైఫా’ దాకా రాసింది. పెన్ను అక్కడే ఆనించి పెట్టి, అనీసా కాగితం వైపు ఒకసారి, బోర్డు వైపు ఒకసారి చూసింది. తర్వాతి అక్షరం రాయలేదు. పెన్ను ఎత్తనూ లేదు.